మాట్లాడగలిగితే చాలు

నా నవలల్లో నాయికలందరూ మేడమెట్లు చకచకా ఎక్కేస్తూంటారు. రాసే నేను మాత్రం 2022 వేసవిలో, వడియాల పిండి గిన్నెతో డాబా మీదికి వెళుతూ పద్నాలుగో మెట్టు మీద కూలబడ్డాను. ఉన్నవి పద్దెనిమిదే!

"ఏం, ఈ ఏడు వడియాలు మెట్లమీదేనా?" అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండా.

అలాగని నాకు తెలియనిదేముంది? వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలి, రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందరూ జపించే పదివేల అడుగుల లెక్క 1965లో జపానులో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. ఇవన్నీ కుర్చీలో కదలకుండా కూచుని చదివాను మరి!

ఇవేవీ తెలియని రోజుల్లోనే హాయిగా నడిచేదాన్ని. తెల్లారగట్ల ఎదురింటి అక్కయ్యగారు మా గేటు గొళ్ళెం చప్పుడు చేసేవారు. విశాఖ బీచిరోడ్డులో కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా ఒకటే కబుర్లు. పచ్చళ్ళ కొలతలు, కోడలి మీద కంప్లయింట్లు! 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నడక ఆగింది. మళ్ళీ మొదలెడదాం అనుకుంటూండగానే 2021 మే నెల ఆవిణ్ణి తీసుకుపోయింది. తరువాత నాది బద్ధకమన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను. బద్ధకం కాదండీ, గేటు చప్పుడు కాలేదు. అంతే.

మెట్ల మీద కూలబడ్డ మర్నాటి నుంచీ చిన్నగా మొదలెట్టాను. పది నిమిషాలకి తక్కువైతే లెక్కలోకి రాదన్న పాత నియమాన్ని ఆ సంస్థే తీసేసిందిగా! డికాషన్ దిగేలోగా వాకిట్లో అటూ ఇటూ నడక. అన్నం ఉడికేలోగా చేతులానించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూచోవడం. పాత అలవాటు కొంగుకి కొత్త అలవాటుని ముడేశానన్నమాట. నెల తిరిగేసరికి బీచిరోడ్డు చేరాను.

ఎంత వేగంగా నడవాలో తెలుసుకోవడానికి ఓ సులువుంది. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అప్పుడర్థమైంది, అక్కయ్యగారి కబుర్లే మా కొలబద్దని! ఇప్పుడెవరితో మాట్లాడను? నవలలో సంభాషణలు పైకి చెప్పుకుంటూ నడిచాను. ఓ రోజు "ఇంత మోసం చేస్తావనుకోలేదు, శేఖర్!" అనేసరికి కొబ్బరిబొండాలబ్బాయి కత్తి కిందపెట్టి నాలుగువైపులా చూశాడు.

ఆ కార్తీకంలో ఎదురింటి కోడలు "పిన్నిగారూ, నేనూ రానా?" అంది బిడియంగా. మర్నాడు తెల్లారగట్ల నేనే వెళ్ళి వాళ్ళ గేటు గొళ్ళెం చప్పుడు చేశాను. జలాంతర్గామి దాకా అత్తగారి మీద కంప్లయింట్లు చెప్పింది, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ. నా దగ్గరున్న కంప్లయింట్లు మాత్రం నేను చెప్పలేదు.

ఇద్దరం బాగా మాట్లాడగలిగాం. పాడటం మాత్రం మావల్ల కాలేదు. అంటే, వేగం సరిపోయినట్టేగా!