గార్నర్ కుర్రాడి పాట

2011లో నార్త్ కరోలినాకు వచ్చేనాటికి నాకు కంట్రీ సంగీతమంటే ఏమీ తెలియదు. ఆఫీసులో నా పక్క సీటాయనది గార్నర్ అనే ఊరు. మే నెలలో ఒక సోమవారం ఆయన పూర్తిగా బొంగురుపోయిన గొంతుతో వచ్చాడు. ఏమైందంటే, శనివారం మా ఊరి కుర్రాడి కోసం అరిచానన్నాడు.

ఆ కుర్రాడు స్కాటీ మెక్‌క్రీరీ. పదిహేడేళ్లవాడు. హైస్కూల్ బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేవాడు, కిరాణా దుకాణంలో కొన్నవాళ్ల సరుకులు సంచుల్లో సర్దేవాడు. టీవీ పాటల పోటీ అమెరికన్ ఐడల్‌లో చివరి ముగ్గురిలో ఒకడై ఆ వారం సొంతూరికి వచ్చాడు. అప్పటికి గార్నర్ జనాభా 25 వేల పైచిలుకు. లేక్ బెన్సన్ పార్కులో అతని పాట వినడానికి వచ్చినవాళ్లు 30 వేల మంది దాకా ఉన్నారని వార్తల్లో చెప్పారు. అంతకు ముందు ఏడాదే మన శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ గెలుస్తుంటే, ఇంటిల్లిపాదీ ఎస్సెమ్మెస్‌లు పంపడం చూసి వచ్చినవాణ్ని. ఆ బొంగురు గొంతు నాకు బాగా అర్థమైంది. ఈ దేశంలో నాకు మొదట దగ్గరగా తోచింది అదే.

మే 25న స్కాటీ గెలిచాడు. అక్టోబరులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘క్లియర్ యాజ్ డే’ మొదటి వారమే ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో ఒకటో స్థానంలో నిలిచింది.

టీవీ పోటీ ఇచ్చిన పేరుకు ఆయుష్షు తక్కువ. మళ్లీ ఏడాది తిరిగేసరికి మరో విజేత వస్తాడు. 2016లో స్కాటీ పాటలు విడుదల చేసే కంపెనీ అతన్ని వదిలేసింది. ఇరవై రెండేళ్ల వయసు. కంట్రీ సంగీతంలో ఈ దెబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే అక్కడ రేడియోకున్న బలం తెలియాలి. కంపెనీల మనుషులు ఒక్కో స్టేషన్ చుట్టూ తిరిగి, మా పాట వేయండని అడుగుతారు. అలా అడిగేవాళ్లు లేని పాట జనం చెవిన పడడమే కష్టం.

అప్పటికి అతని దగ్గర ఒక పాట ఉంది. 2015లో వాళ్ల తాతయ్య పోయారు. ఆ తర్వాత రెండు వారాలకు పాటల రచయితలు ఫ్రాంక్ రోజర్స్, మాంటీ క్రిస్వెల్‌లతో కూర్చుని ‘ఫైవ్ మోర్ మినిట్స్’ రాసుకున్నాడు. 2017లో దాన్ని ఏ కంపెనీ అండా లేకుండా విడుదల చేశాడు. కంపెనీ లేకుండా బిల్‌బోర్డ్ కంట్రీ ఎయిర్‌ప్లే జాబితాకెక్కిన మొదటి పాట అదే. తర్వాత ట్రిపుల్ టైగర్స్ అనే చిన్న సంస్థ చేయి కలిపింది. 2018 ఫిబ్రవరిలో ఆ పాట ఒకటో స్థానానికి చేరింది. దాని వెనకే మరో నాలుగు కూడా. నన్నడిగితే అతని అసలు పాటల బతుకు ఆ 2017లోనే మొదలైంది. తన ఇంటి దుఃఖాన్ని తన మాటల్లో పాడాడు. అది ఏ న్యాయనిర్ణేతా నేర్పేది కాదు.

మిల్వాకీలో ఐడల్ తొలి పరీక్షకు స్కాటీ పాడింది కంట్రీ గాయకుడు జాష్ టర్నర్ పాట. 2024 ఏప్రిల్‌లో అతన్ని గ్రాండ్ ఓల్ ఓప్రీ సభ్యుడిగా చేర్చుకుంటే, మరో గాయకుడు ర్యాండీ ట్రావిస్‌తో పాటు స్వాగతం పలికింది ఆ జాష్ టర్నరే. 1925 నుంచి నడుస్తున్న రేడియో వేదిక అది. వాళ్లు పిలిస్తే తప్ప ఎవరూ సభ్యులు కాలేరు. ఆ వార్త చదివి మా ఆఫీసాయనకు ఫోన్ చేశాను. రిటైరై గార్నర్‌లోనే ఉంటున్నాడు. ఈసారీ గొంతు బొంగురుగానే ఉంది, అరవకుండానే.

మొన్న వేసవిలో అమ్మ వచ్చింది. కారులో వెళ్తుంటే ‘ఫైవ్ మోర్ మినిట్స్’ మోగింది. "గొంతు బరువుగా బావుంది. ఏమంటున్నాడురా?" అంది. చెప్పాను. వాగు గట్టున చేపలు పడుతున్న పిల్లాణ్ని ఇంటికి రమ్మంటే, ఇంకో ఐదు నిమిషాలంటాడు. పెద్దయ్యాక ప్రేమించిన పిల్ల గుమ్మం ముందూ అంతే, బడిలో ఆఖరి ఆట ముగిసినప్పుడూ అంతే. చివరికి తాతయ్య మంచం దగ్గర.

అమ్మ కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"నిన్ను రేపల్లెలో బస్సెక్కించాక మీ తాతయ్య వెంటనే ఇంటికొచ్చేవారు కాదురా. బస్సు పోయాక కూడా అక్కడే నిలబడేవారట. రిక్షా అతను చెప్పేవాడు."

నాకు ఇది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.