రాజవొమ్మంగి అడవిలో రాలుటాకుల క్రింద

గడచిన మాఘమాసమున మేము ఏలేశ్వరము మీదుగా అడ్డతీగల దాటి రాజవొమ్మంగి చేరితిమి. 1922 ఆగస్టు 24వ తేదీన అల్లూరి సీతారామరాజుగారు ముట్టడించిన పోలీసుఠాణా గల ఊరిని పిల్లలకు చూపవలెనని మావారి కోరిక. అదియు చూచితిమి. కాని మా మనస్సును పట్టి నిలిపినది ఆవగింజలో సగమైనను లేని యొక పురుగు.

ఊరి చెంత అడవిలో రాలుటాకులు చీలమండలు మునుగునంతగా పేరుకొనియుండెను. కొండదొరల అవ్వ యొకతె అచ్చట అడ్డాకులు కోయుచుండెను. “ఇంత చెత్త యేల, అవ్వా? నిప్పు పెట్టరాదా?” అంటిమి. ఆమె నవ్వి, “చెత్త కాదమ్మా, అడివి కప్పుకున్న దుప్పటి. ఇప్పపూలు ఏరుకోడానికి మావాళ్లూ కాలుస్తారు. కాల్చిన చోట తొలకరికే మన్ను కొట్టుకుపోద్ది” అన్నది.

మావారు తడియారని అడుగుపొరను పిడికెడు తీసి, జల్లెడ పట్టి, తెల్లని గుడ్డపై రాల్చిరి. ధూళి కదలెను! భూతద్దముతో చూచి, అవి ఈకరెక్కల పెంకుపురుగులై యుండవలెననిరి. ఈ కుటుంబమున అక్రోట్రైకిస్ అను ప్రజాతి యొకటి కలదు. అందలి పురుగులు మిల్లీమీటరునకు అటునిటుగా నుండి, చివికిన తడియాకులలో బూజు రేణువులను తిని బ్రదుకును. వాని రెక్క సన్నని పుల్లవలె నుండి, అంచున వెండ్రుకలతో ఈకను పోలియుండును. ఈ కుటుంబములోనిదే యగు స్కిడోసెల్లా అను పురుగును 2015లో కొలంబియా దేశమున సేకరించి కొలువగా, వానిలో మిక్కిలి చిన్నది 0.325 మిల్లీమీటరు తేలినది. పెంకుపురుగులలో అంతకన్న చిన్నది తెలియదు. వీనిలో పెక్కింటి తల్లి ఒక్కొక్క పర్యాయము ఒకే గ్రుడ్డు పెట్టును. కొన్నిటియందు ఆ గ్రుడ్డు తల్లి మేనిలో సగము పొడవుండును.

ఆకులు చివికి మన్నగుటలో బూజులును, ఇట్టి అసంఖ్యాక జీవులును పాలుపంచుకొనును. ఒక్క అగ్గిపుల్ల చాలును, ఆ సంసారమంతయు బూడిద యగుటకు.

సోదరీమణులారా! అంతవరకు మేము పెరటి మామిడాకులను ప్రతి సాయంకాలము తగులబెట్టి, అదియే శుభ్రతయని గర్వించితిమి. మల్లెపాదు ఎండుచున్నదని వగచితిమేకాని, దాని దుప్పటిని కాల్చుచున్నది మేమేయని తలపలేదు. తిరిగివచ్చిన పిదప ఆకులను పాదునకు కప్పితిమి. ఈ వేసవిలో మిట్టమధ్యాహ్నమున సైతము అడుగున తడి యారలేదు. తేళ్లు చేరునని మా అత్తగారు కోపించిరి. ఆ మాటయు నిజమే. కావున గుమ్మము చెంత ఊడ్చుచునే యున్నాము. నిప్పు మాత్రము పెట్టుట లేదు.