కొన్ని నాణేలు చాలు

నాణేల సేకరణ అనగానే చాలామంది మనసులో మెదిలేది ఒక పట్టిక. ఏ ప్రభువు, ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఎంత విలువ అని గళ్లు గీసుకొని, ఒక్కొక్క గడినీ నింపుకుంటూ పోవడం. గడి ఒకటి ఖాళీగా ఉంటే వారికి నిద్రపట్టదు. ఆ మార్గాన్ని నేను నిందించను. అటువంటి పట్టుదల గలవారి వల్లనే సూచీగ్రంథాలు తయారయ్యాయి. కాని పరిమితమైన ఆదాయం, అంతకంటె పరిమితమైన ఆయుర్దాయం గలవాడు మరొక మార్గం వెదకుకోవాలి. ఆ మార్గాన్ని గురించి నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు గళ్ల లెక్క చూడండి. మన గణతంత్ర నాణేలు 1950లో మొదలయ్యాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలై నయాపైసలు వచ్చాయి. 1964లో "నయా" అన్న విశేషణం రాలిపోయింది. ముంబై, కోల్‌కతా, హైదరాబాదు, వాటి తరువాత 1988లో నోయిడా, వెరసి నాలుగు టంకశాలలు. సంవత్సరాలను విలువలతోను, విలువలను టంకశాలలతోను హెచ్చవేసి, లోహభేదాలను, స్మారక నాణేలను కలుపుకుంటూ పొండి. ఈ గళ్లన్నీ నింపబూనడం అష్టాదశ పర్వాలనూ ఒక్కడే తెనిగించబూనడం వంటిది. నన్నయగారు రెండు పర్వాలు ముగించి మూడవదానిలో కొంత భాగం వ్రాశారు. తిక్కనగారు విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు వ్రాశారు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషం ఎర్రనగారి వంతయింది. అంతమాత్రాన నన్నయగారి కృషి తక్కువదని అన్నవారు లేరు.

తెలుగువారికి పరిచయమైన ప్రక్రియ ఇంకొకటి ఉన్నది, శతకం. పద్యాలు దేనికది విడివిడిగా నిలుస్తాయి. వాటిని ఒక్క త్రాట కట్టేది మకుటం. మకుటం లేకపోతే అవి చాటువులు, ఉంటే శతకం. సేకరణకూ ఒక మకుటం కావాలని నా అభిప్రాయం.

అందరికీ అందుబాటులో ఉన్న మకుటం ఒకటి చెబుతాను. చేతికి వచ్చిన చిల్లరలో సంవత్సరాంకె క్రింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకృతి ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. నక్షత్రం ఉన్నవి మాత్రమే దాచుకుంటే మన టంకశాల చరిత్ర మన పెట్టెలో ఉంటుంది. 1903లో సైఫాబాదులో నెలకొన్న ఆ శాల 1950లో కేంద్రప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి తరలింది. ముఖవిలువకు మించి దమ్మిడీ ఖర్చు లేని ఈ సేకరణ బడిపిల్లలకు చాలా అనువైనది.

నేను ఎన్నుకున్న మకుటం వేరు. అది హాలీ రూపాయి.

"హాల్" అంటే వర్తమానం. హాలీ సిక్కా అంటే ఇప్పుడు చెల్లుతున్న నాణెం అని అర్థం. 1951 నుంచి క్రమంగా ఉపసంహరించగా 1959 నాటికి దాని చెల్లుబాటు ముగిసిపోయింది. వర్తమానమన్న పేరు మాత్రం భూతకాలానికి అంటుకొని మిగిలింది. నా చిన్ననాడు ఇంట్లో పెద్దలు "ఏడు హాలీలకు ఆరు కల్దార్లు" అని లెక్క చెప్పేవారు. కల్దారంటే బ్రిటిషువారి రూపాయి. ఆ లెక్క ఎట్లా వచ్చిందో లోహాన్ని చూస్తే తెలుస్తుంది. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. హాలీ బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్లు. గుణించి చూడండి: అక్కడ రమారమి 10.7 గ్రాముల వెండి, ఇక్కడ 9.1 గ్రాములు. నిష్పత్తి ఏడుకు ఆరే. ఇంటివారి నోటిలెక్క త్రాసుకు సరిపోయింది!

చార్మినారు బొమ్మ ఈ రూపాయి మీదికి మహబూబ్ అలీఖాన్ కాలంలో, గత శతాబ్ది తొలి ఏళ్లలో వచ్చింది. ఆ కట్టడపు ద్వారంలో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. "మీమ్" ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది. "ఐన్" ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్‌ది. తొలినాళ్ల ఉస్మానీ రూపాయల్లో ఆ ఐన్ సగమే కనబడుతుంది, తరువాతివాటిలో నిండుగా ఉంటుంది. అక్షరాలు దిద్దించడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి కనుక, రాజు పేరంతా ఒక్క అక్షరంలో ఇమిడి తలుపులో నిలబడడం నాకు ముచ్చటగా తోచింది.

ఈ మకుటాన్ని కూడా ఇంకా కుదించుకున్నాను. మా బెల్లంపల్లి చుట్టుపక్కల పల్లెల్లో హాలీ రూపాయికి చిన్న వెండి వలయం అతికించి, దారానికి గుచ్చి, దండగా మెడలో వేసుకునేవారు. బ్యాంకు ఎరుగని ఆడవారికి అదే స్త్రీధనం. నాణేల వర్తకుల దృష్టిలో వలయం అతికిన రూపాయి చెడిపోయిన రూపాయి. పూర్తి శ్రేణి కూర్చేవారు దానిని ముట్టరు. నేను దాచేవి అవే. నియమాలు మూడు: వలయం ఊడకుండా ఉండాలి, ఏ ఊరిదో తెలియాలి, ఎవరు ధరించారో ఇచ్చేవారి నోటితో చెప్పాలి. ఇప్పటికి నా దగ్గర ఉన్నవి 31.

వెండి కిలో లక్ష రూపాయలు దాటినప్పటి నుంచి ఈ దండలు వేగంగా కరిగిపోతున్నాయి. అంగడికి వచ్చిన ఒక అవ్వ కొంగుముడి విప్పి పదకొండు రూపాయల దండ చూపింది. మనుమని చదువుకు అమ్ముతున్నది. "సారూ, నువ్వు గూడ కరగబెడుతవా?" అని అడిగింది.

"లేదవ్వా, నీ పేరు రాసి దాస్త" అన్నాను.

ఆ ఒక్క దండనైతే పూర్తిగా కొనగలిగేవాణ్ణే. కాని ఆ ఏడాది నేను చూసినవి ఆరు దండలు. పింఛను ఒక్కటే. మూడు రూపాయలు ఏరుకొని, అవుసులాయన ఇస్తానన్న దానికంటె ఎక్కువే ఇచ్చాను. ఒకటి మీమ్ ఉన్నది, ఒకటి ఐన్ ఉన్నది. మూడవదానిని అవ్వనే ఎన్నుకోమన్నాను. దండ నడుమ ఉన్నదానిని చూపింది. ఒక పక్క అక్షరాలు బాగానే ఉన్నవి. ఒంటికి తగిలే పక్క అద్దంలా నునుపు తేలింది. "మా అత్త మెడల నుంచి నా మెడలకొచ్చింది" అన్నది. సూచీగ్రంథంలో అటువంటి రూపాయికి చోటు లేదు.

మిగిలిన ఎనిమిదీ త్రాసుకెక్కాయి. కొన్నింటిని ఏరుకోవడమంటే కొన్నింటిని పోనివ్వడమే. ఈ పద్ధతిలో ఉన్న బాధ ఇదొక్కటే, దీనికి మందు లేదు. అయితే పోనిచ్చే ముందు పదకొండింటి మీదా పలుచని కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది ముద్రలు తీసుకున్నాను. పెట్టెకు హద్దు ఉన్నది కాని నోటుపుస్తకానికి హద్దు అక్కరలేదు.

ఊరి పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటారేమో. కోటిలింగాలను చూడండి. ధర్మపురికి సమీపంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే తావు అది. అక్కడ దొరికిన చిన్నచిన్న నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు వెలికి వచ్చాయి. శాతవాహన వంశకర్త ఛిముకుని నాణేలూ అక్కడ దొరికాయి. శాతవాహనుల మొదటి నెలవు పశ్చిమాన నానేఘాట్, నాసిక్ ప్రాంతమని చెప్పేవారికి తెలంగాణ వైపు నుంచి బలమైన జవాబు దొరికింది. ఆ చర్చను కదిలించినది నాణేల రాశి పెద్దదవడం కాదు, అవి ఏ మట్టిలో దొరికాయో తెలియడం. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ నగరంలోని అంగడిలోనో కనబడి ఉంటే చరిత్రకు ఇంత సాయపడేవి కావు.

పొలం దున్నుతుంటే దొరికాయని తెచ్చేవాటిని మాత్రం నేను ముట్టను. పది రూపాయల విలువకు మించిన నిక్షేపం భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. తెచ్చినవారికి ఆ మాట చెప్పి పంపుతాను. నా మకుటంలో అవి లేవు.

పూర్తి శ్రేణి సంపాదించినవారి పెట్టెను వారి తరువాతివారు వెలకట్టి అమ్ముకోగలరు, అదీ ఒక ప్రయోజనమే. నా 31 రూపాయలకు బజారులో వెండి వెల తప్ప మరేమీ రాదు. అందుకే ఒక్కొక్కదానిని చిన్న కాగితపు సంచిలో ఉంచి, పైన ఊరు, ధరించినవారి పేరు, వారు చెప్పిన మాట వ్రాసి పెడుతున్నాను. చదవడం వచ్చిన ఎవరికైనా ఆ సంచి మీది మాట అర్థమవుతుంది.

చదువరులలో ఎవరి ఇంటనైనా ఇటువంటి దండ ఉంటే, దానిని దాచుకోవడం, అమ్ముకోవడం మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. అమ్మేముందు మాత్రం అది ఎవరి మెడలోదో ఇంట్లోని పెద్దవారిని ఒకసారి అడిగి వ్రాసుకోండి. వెండి మళ్లీ దొరుకుతుంది, ఆ మాట దొరకదు.