పాలు పడేదాకా పక్కనే

ఎస్.ఎన్.సి.యు. (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం) తలుపు ముందు చెప్పులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గౌను తొడుక్కున్నాకే లోపలికి రానిచ్చారు. అదొక జిల్లా ప్రభుత్వాసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు తల్లిపాలు ఎలా అందిస్తున్నారో చూద్దామని వెళ్లాను.

ఒక వార్మర్ మీద 31 వారాలకే పుట్టిన పాప. బరువు 1,300 గ్రాములు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒకదానితో ఒకటి కుదరాలంటే సుమారు 34 వారాలు రావాలి. అందాకా నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్నని గొట్టమే గతి. గొట్టం సిద్ధంగా ఉంది. పాలే లేవు. కాన్పయి రెండో రోజు, తల్లి పక్క గదిలో తల వంచుకుని కూర్చుంది. "దీనికి పాలు పడలేదమ్మా, డబ్బా తెమ్మంటారా?" అని అత్తగారు అడుగుతోంది.

సిస్టర్ ఆ అమ్మాయిని లేపి పాప దగ్గరికి తీసుకెళ్లింది. కాసేపు పాప పాదం పట్టుకోనిచ్చి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, తనూ పక్కన స్టూలు లాక్కుంది. వీపు నిమిరింది. బొటనవేలు, చూపుడువేలు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున పెట్టించి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్లు దగ్గరికి తెమ్మంది. "మొన లాగకు తల్లీ, నొప్పి పుడుతుంది." చాలాసేపు ఏమీ రాలేదు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. సిస్టర్ లేవలేదు. చివరికి పసుపుపచ్చగా, చిక్కగా ఒక చుక్క కనబడింది. దాని వెనకే ఇంకోటి. సిరంజిలోకి పట్టి చూస్తే ఒక మిల్లీలీటరు.

"చూశారా పెద్దమ్మా, ముర్రుపాలు! ఇవాళ పాపకు ఇదే మందు."

రెండు చుక్కలు పాప బుగ్గల లోపల రాసింది. మిగిలినవి ప్లంజర్ తీసిన సిరంజిలో పోసి, గొట్టానికి తగిలించి పైకెత్తి పట్టుకుంది. తొయ్యలేదు, వాటంతటవే దిగాయి. పాప పెదాలు ఆడించింది.

నెల తక్కువ పిల్లల పేగులు పుండుపడి కుళ్లే జబ్బు ప్రాణాంతకం. తల్లిపాలు తాగేవాళ్లలో అది తక్కువ, డబ్బా పాలతో ముప్పు ఎక్కువ. సొంత తల్లికి లేనప్పుడు దాతల పాలు మేలు. 1989లో ముంబైలోని సయన్ ఆస్పత్రిలో దేశంలో తొలి తల్లిపాల బ్యాంకు వచ్చింది. హైదరాబాదు నీలోఫర్‌లోనూ ఉంది. అక్కడ పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. నేను వెళ్లిన చోట ఆ వసతి లేదు, ఉన్నది సిస్టర్లే.

అవతలి హాల్లో కంగారూ పద్ధతిలో పిల్లల్ని గుండెకు ఆనించుకున్న తల్లులు. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఇలా హత్తుకుంటే తక్కువ బరువు శిశువుల మరణాలు నాలుగోవంతు తగ్గాయి. బిడ్డ ఒంటికి తగిలితే తల్లికి చేపు కూడా వస్తుంది. గొట్టం తర్వాత ఉగ్గుగిన్నె, ఆ తర్వాత రొమ్ము. ప్రతి మెట్టులోనూ చెయ్యి పట్టి నేర్పే మనిషి కావాలి.

ఆ మనిషికే తీరిక లేదు. ఎక్కడ మానిటర్ మోగినా సిస్టర్ పరుగెత్తాల్సిందే. రోజుకు కనీసం 8 సార్లు, రాత్రి కూడా, పాలు పిండాలి. అర్ధరాత్రి ఆ తల్లి పక్కన ఎవరు కూర్చుంటారు? పాల పని మాత్రమే చూసే నర్సును ప్రతి ఎస్.ఎన్.సి.యు.కూ, ప్రతి షిఫ్టుకూ ప్రభుత్వం ఇవ్వాలి. ఇంటివాళ్లు వేళకు అన్నం తెచ్చిపెట్టండి. "పాలు పడలేదు" అన్న మాట మాత్రం ఆ తల్లి దగ్గర అనకండి.