పొట్టి రన్‌వే, పొడుగు రన్‌వే

పోయిన డిసెంబరులో మా అమ్మ ఇండియాకి తిరుగు ప్రయాణం. ముందు రోజు రాత్రి ఫ్లాట్ బుష్‌లోని మా ఇంట్లో మీ అందరికీ తెలిసిన తంతే: పెట్టె సర్దడం, తూకం వెయ్యడం, విప్పడం, మళ్ళీ సర్దడం. మనూకా తేనె సీసాలు, పాలపొడి, చాక్లెట్లు. కాటా 32 చూపించింది. టికెట్టు మీద 30.

"అంత పెద్ద విమానం రెండు కేజీలు మొయ్యలేదా నాన్నా?" అంది మా పదేళ్ళ అమ్మాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాడినే గానీ, విమానాల పిచ్చి చిన్నప్పటిది. ఇంకేం, క్లాసు మొదలెట్టాను.

"మొయ్యగలదమ్మా, ఆ 30 ఎయిర్‌లైన్ వాళ్ళు పెట్టిన లెక్క. అసలు తంటా లేవడంలో ఉంది. చిన్నప్పుడు మేం పరుగెత్తుకొచ్చి పంటకాలవ దూకేవాళ్ళం. భుజాన మూట ఉంటే ఇంకా దూరం నుంచి పరుగెత్తాలి. కాలు జారితే గట్టు మీదే ఆగడానికి చోటూ ఉండాలి. విమానానికీ అంతే. 'వీ వన్' అని ఒక వేగం ఉంటుంది. అది దాటాక ఒక ఇంజన్ ఆగిపోయినా లేవాల్సిందే."

ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్ళినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. మన ఆక్లండ్ రన్‌వే 3,635 మీటర్లు. వెల్లింగ్టన్‌ది రెండు కిలోమీటర్ల చిల్లర, రెండు చివర్లా సముద్రమే. 2016 సెప్టెంబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ అక్కడికి బోయింగ్ 777 నడపడం మొదలుపెట్టినప్పుడు కాన్‌బెర్రాలో ఆగి వెళ్ళేది. సింగపూర్ దాకా 8,500 కిలోమీటర్లకు సరిపడా ఇంధనం పోసి, నిండా జనాన్నీ సామానునీ ఎక్కిస్తే ఆ రన్‌వే చాలదు. కాన్‌బెర్రా దాకా అయితే కొద్ది ఇంధనంతో తేలిగ్గా లేస్తుంది.

"అంటే రన్‌వే పొట్టిదైతే ఏదో ఒకటి వదిలెయ్యాలి. ఇంధనమో, మనుషులో, సామానో," అని ముగించాను.

"పొడుగు చేసుకోవచ్చుగా?"

అప్పటిదాకా మాట్లాడని మా అమ్మ అంది, "చేశారుగా, మన గన్నవరంలో."

నిజమే. 2,286 మీటర్లున్న రన్‌వేని 3,360కి పెంచారు. మన ఎండలకి గాలి పలచబడి రెక్కలకీ, ఇంజన్లకీ బలం తగ్గుతుంది కాబట్టి అక్కడ పొడుగు మరీ అవసరం. దానికోసం చుట్టుపక్కల ఊళ్ళ రైతులు భూములిచ్చారు. మా మావయ్య రెండెకరాలూ అందులోనివే.

"నువ్వు పెద్ద విమానంలో ఇంటి ముందే దిగుతావని సంబరపడ్డాడురా," అంది అమ్మ. "సంతకం పెట్టొచ్చిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు."

నా క్లాసు అక్కడితో ఆగిపోయింది. రన్‌వే పొట్టిదైతే ఏం వదలాలో లెక్కలేసి చెప్పాను. పొడుగు కావడానికి ఎవరు ఏం వదిలారో నా లెక్కలోకే రాలేదు.

"తాతయ్య ఆ పొలంలో ఏం పండించేవాడు నాయనమ్మా?" అనడిగింది అమ్మాయి.

"వరి. వరి కోశాక మినుములు," అంటూ అమ్మ పాలపొడి డబ్బాలు బయటికి తీసింది. తేనె సీసాలు మాత్రం కదపలేదు. అవి మావయ్యకట.

ఈసారి మీరు గన్నవరంలో దిగితే, చక్రాలు నేలని తాకగానే పిల్లలకి కిటికీలోంచి చూపించండి. అది ఒకప్పుడు వరిచేను.