మన కంటి సంగతేమిటి?

ఇవాళ కాస్త ఇబ్బందిపెట్టే సంగతి ఒకటి మాట్లాడుకుందాం. అసూయ. పక్కవాళ్ళ అసూయ గురించైతే మనం మాట్లాడుకోని రోజుండదు. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, బండికి నిమ్మకాయా మిరపకాయలూ, పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని పెద్దలన్నారు కాబట్టి జాగ్రత్త పడతాం. మరి మన కంటికి ఏం చేస్తున్నాం?

మన జనం ఈ జబ్బును ఒంట్లోనే చూశారు. కన్ను కుడుతుంది, కడుపు మండుతుంది, లోపల కుళ్ళుతుంది. ‘వాడి ఏడుపంతా నా మీదే’ అంటాం చూడండి, ఆ మాటలోనే ఉంది, బాధపడేది ఏడ్చేవాడేనని.

కడుపుమంట అంటే నాకు గాంధారి గుర్తొస్తుంది. రెండేళ్ళుగా గర్భం మోస్తోంది, కాన్పు కాలేదు. అక్కడ కుంతికి కొడుకు పుట్టాడని తెలిసింది. ఉండబట్టలేక కడుపు మీద కొట్టుకుంది. బయటపడిన మాంసపు ముద్దను నూటొక్క భాగాలు చేయించి నేతికుండల్లో పెట్టించాడు వ్యాసుడు. అలా పుట్టిన పెద్దకొడుకే దుర్యోధనుడు.

ధర్మరాజు రాజసూయం చేసినప్పుడు రాజులు తెచ్చిన కానుకలు అందుకునే పని దుర్యోధనుడికే అప్పగించారు. అందుకుని అందుకుని చేతులు అలిసిపోయాయని తరవాత తండ్రి దగ్గర తనే చెప్పుకున్నాడు. దాయాది ఇంటికొచ్చిన సిరినంతా తన చేతులతో లోపల పెట్టించాల్సి వచ్చిన మనిషి! నాకైతే ఆ ఘట్టంలో అతని మీద నిజంగా జాలి కలుగుతుంది. పైగా మయసభలో నీళ్ళలో పడి నవ్వులపాలయ్యాడు. ఇంటికొచ్చాక పాలిపోయి చిక్కిపోయాడు. మంచి తిండి ఉంది, మంచి బట్ట ఉంది, మేలుజాతి గుర్రాలున్నాయి, ఎందుకిలా అయిపోయావని ధృతరాష్ట్రుడు అడిగాడు. తండ్రి అడగవలసిన ప్రశ్నే. హస్తినలో అతనికి తక్కువైంది ఏదీ లేదు. పినతండ్రి కొడుకు బాగుపడ్డాడని ఇంత చేటు! ‘దాయ’ అన్న మాటకు మన నిఘంటువుల్లో జ్ఞాతి అనీ, పగవాడు అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఎక్కడో ఉన్న కోటీశ్వరుడి మేడ చూసి మనకు నిద్ర పట్టకపోవడమంటూ ఉండదు. తోటికోడలి కొత్త గొలుసు చూస్తేనే ఆ తంటా. తోటి ఉద్యోగి ప్రమోషనూ అంతే.

ఇక ఈర్ష్య, అసూయ. ఈ రెండూ ఒకటేనని వాడేస్తుంటాం. పాణిని కోపాన్నీ ద్రోహాన్నీ ఈ రెంటితో కలిపి ఒకే సూత్రంలో చెప్పాడు గానీ, దానికి వ్యాఖ్య రాసిన కాశికావృత్తి వేటికవే విడదీసింది. ఎదుటివాడి మేలు ఓర్వలేకపోవడం ఈర్ష్య. అతనిలోని గుణాన్ని పట్టుకుని అందులో దోషం చూపించడం అసూయ. అమరకోశమూ ఈ మాటే అంటుంది. నన్నడిగితే రెండోదే ప్రమాదం. ఈర్ష్య మనల్ని దహించి ఊరుకుంటుంది, అసూయ నోట్లోంచి బయటికొచ్చి ఎదుటివాడి పేరు చెడగొడుతుంది.

అది ఎలా వస్తుందో మనందరికీ తెలుసు. ‘వాళ్ళమ్మాయికి ర్యాంకొచ్చిందటండీ’ అని ఎవరో అంటారు. ‘వచ్చిందిలే, కానీ ఆ కాలేజీలో రాత్రింబవళ్ళు రుబ్బిస్తారుగా’ అంటాం. ‘ఆయన దానధర్మాలు బాగా చేస్తాడు’ అంటే, ‘చేస్తాడు కానీ పేరు కోసం’ అంటాం. ఎంత మర్యాదగా ఉన్నాయో చూడండి ఈ మాటలు! అబద్ధం కూడా కాకపోవచ్చు. అయినా ఆ పిల్ల చదివిన చదువు, ఆయన పెట్టిన అన్నం ఆ ఒక్క ‘కానీ’తో మాసిపోతాయి. అత్రి మహర్షి భార్యకు అనసూయ అని పేరు. అసూయ లేనిది అని అర్థం. ఆ పేరు ఆడపిల్లలకు పెట్టుకున్న మన పెద్దలు ఎంత పెద్ద కోరిక కోరుకున్నారో అనిపిస్తుంది.

దిష్టికి ఉప్పు, మిరపకాయలు ఉన్నాయి. మన లోపలి మంటకు మందు పతంజలి యోగసూత్రాల్లో చెప్పాడు. సుఖంగా ఉన్నవాళ్ళతో స్నేహంగా ఉండు, మంచి చేసేవాళ్ళను చూసి సంతోషించు, మనసు తేటపడుతుందన్నాడు. మనసులో అనుకుంటే చాలదని నా అభిప్రాయం. పైకి అనాలి, వాళ్ళ ముందే అనాలి. మొదట్లో మాట గొంతులో అడ్డం పడుతుంది. పడనివ్వండి, అలవాటు లేక అలా ఉంటుంది.

కాబట్టి మీకో మనవి. మీ దాయాదుల్లోనో, తోటివాళ్ళలోనో ఈమధ్య మంచి జరిగినవాళ్ళు ఒకరైనా ఉంటారు. ఇవాళే ఫోన్ చేసి మెచ్చుకోండి, ‘కానీ’ లేకుండా.