వెనుక నిలుచువాడు

ప్రతి సంవత్సరము వానలు వెనుదీసి, మా పాఠశాల ఆటస్థలమునందలి రేగడి కొంత గట్టిపడిన పిమ్మట, ఫుట్‌బాలు జట్టును కూర్చు పని నా మీద పడుచుండును. నేను తెలుగు బోధించువాడనే గాని వ్యాయామోపాధ్యాయుడను గాను. అయినను బాల్యమునందు కొంత ఆడినవాడ నగుటచేత ఈ భారము నాకు సంక్రమించినది. "ముందువరుస నాడువా రెవరు?" అని యడిగితినా, తరగతి యంతయు చేతులెత్తును. "బ్యాకుగా నిలుచువా రెవరు?" అన్నచో పిల్లలు తమ కాలివ్రేళ్లను చూచుకొందురు. మా గుడివాడలోనే కాదు, ఎక్కడనైనను ఇంతియే కాబోలు. గోలు కొట్టినవానిని భుజములమీద మోయుదురు. గోలు కాకుండ నాపినవానిని మోయగా నేనెన్నడును చూడలేదు.

పది పన్నెండేండ్ల క్రిందట దివిసీమనుండి వచ్చి మా వసతిగృహమునం దుండిన బాలు డొకడు, ఎవ్వరును అడుగకుండనే బ్యాకుగా నిలిచెను. పొడగరి, మితభాషి. బంతి వచ్చుచోటికి బంతికంటె ముందు చేరుట వానికి సహజము. అందుచేత వాడు పరుగెత్తినట్లే కనబడెడివాడు కాడు. రెండేండ్లు మా గోల్ కీపరునకు పెద్దగా పని లేకపోయెను. మూడవయేట ఒక పోటీయొక్క కడపటి ఆటనాడు ఉదయము వాన కురిసెను. ఆట ముగియుటకు కొలది నిమిషములుండగా వాని కాలు బురదలో జారెను. ఎదుటివారు గోలు చేసిరి. ఆ యొక్క గోలుతో ఓడితిమి. నేను పిల్లలందరి యెదుట, "నీ వలననే ఓడితిమి" అంటిని. వాడు మారు పలుకలేదు. బూట్లు విప్పి, పంపునొద్ద కడిగి, ఆటసామానుల గదిలో పెట్టి వెళ్లెను. మరునాటినుండి ఆటస్థలమునకు రాలేదు. పరీక్షలు వ్రాసి పాఠశాల విడిచెను. నేనును పిలువలేదు. పిలిచిన నా పెద్దరికము తగ్గునని తలంచితిని.

ఆ తరువాత కొంతకాలమునకు, పిల్లలకు మనవైపు ఆటగాండ్రను గూర్చి చెప్పవలసివచ్చి, హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్ర చదువుచుండగా సయ్యద్ నయీముద్దీను జీవితము నా కంటబడినది. ఆయన 1944లో హైదరాబాదున జన్మించెను. వెనుకవరుసలో ఆడినవాడు. ఆయన పెరిగిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు సామాన్యమైనది కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు పూర్వము బడిపంతులే యని చదివినప్పుడు, నిజము చెప్పవలెనన్న, నాకు కొంచెము గర్వము కలిగినది.

రహీముగారి కాలమునాటి యొక సంగతి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. 1955లో మన దేశపు జట్టు రష్యాకు పోయి, మాస్కోనగరమున సోవియటు జట్టుచేత 11 గోలులు తిన్నది. మనవారు చేసినది ఒక్కటి. మన వెనుకవరుసవారి యానాటి స్థితిని ఊహించుకొనుడు. మరుసటియేడు మెల్బోర్ను ఒలింపిక్ ఆటలలో రహీముగారి శిక్షణలో మనవారు నాల్గవస్థానము పొందిరి. హైదరాబాదువాడైన అజీజుద్దీను ఆ జట్టు బ్యాకులలో నొకడు. ఒక్క గోలునకే నేను బాలునొకని కోలుపోతినే!

నయీముద్దీను పిమ్మట కలకత్తా చేరి ఈస్టు బెంగాలు, మోహన్ బగాను, మొహమ్మడన్ స్పోర్టింగు మూడింటియందును ఆడెను. 1970లో బ్యాంకాకున జరిగిన ఆసియా ఆటలకు ఆయనయే మన నాయకుడు. సెమీఫైనలులో బర్మావారు మనలను ఓడించిరి. మూడవస్థానమునకు జపానుతో ఆట. రెండేండ్లకు ముందే, 1968లో, మెక్సికో ఒలింపిక్ ఆటలలో కాంస్యపతకము పొందిన దేశ మది. మన్‌జీత్ సింగు ఒక్క గోలు చేసెను. 1-0తో గెలిచితిమి. ఆసియా ఆటలలో ఫుట్‌బాలునకు మనకు మరల పతకము రాలేదు. మన్‌జీత్ పేరు పుస్తకములలో నున్నది, ఉండవలసినదే. కాని ఆ యొక్క గోలే చాలునట్లు, రెండవప్రక్క సున్నను సున్నగా నిలిపినవారి పని ఏ గడిలో వ్రాయుదురు?

ఆట మానిన తరువాత ఆయన శిక్షకుడయ్యెను. 1990లో ఆయన శిక్షణలో ఈస్టు బెంగాలు షీల్డును, డ్యురాండును, రోవర్సును ఒక్కయేటనే గెలిచినది. ఆటగానిగా అర్జున బహుమానమును, గురువుగా ద్రోణాచార్య బహుమానమును పొందిన మొదటి ఫుట్‌బాలువాడు ఆయన. 2005లో కరాచీలో మనదేశము దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడును ఆయనయే శిక్షకుడు. క్రమశిక్షణలో మిగుల కఠినుడని ప్రసిద్ధి. నేనును కఠినుడననియే పేరుపడితిని. కాని ఆటకు ముందటి కాఠిన్యము వేరు, ఓడినపిమ్మట నోటికి వచ్చినది వేరు.

నేను మా ఆటల రిజిస్టరు తీసి చూచితిని. గోలు కొట్టినవారి పేర్లు తేదీలతో నా చేతివ్రాతనే యున్నవి. ఆ బాలుని పేరు మూడేండ్లలో ఎచ్చటను లేదు.

వాడిప్పుడు గుడివాడలోనే మోటారుసైకిళ్లు బాగుచేయుచున్నాడు. నా బండికి జబ్బేమియు లేకున్నను దానిని తోలుకొని పోతిని.

"వందనాలండీ మాస్టారూ, బండికేమైందండీ?"

"బండికేమియు కాలేదు. ఆనాడు అందరియెదుట నేనన్నమాట తప్పురా."

వాడు చేతులు గుడ్డతో తుడుచుకొనుచు కొంతసేపు ఊరకుండెను. "జారకపోయినా గోలయ్యేదేమోనండీ. కుడివైపు బ్యాకు ముందుకెళ్లిపోయాడు. ఇద్దరొచ్చారు నా మీదికి."

"వాడెందులకు పోయెను?"

"మీరే పొమ్మన్నారు గదండీ."

నేను మరచితిని. గీతవద్ద నిలిచి చేయి ఊపిన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. వాడు మాత్రము ఇన్నేండ్లు ఎవ్వరికిని చెప్పలేదు.

ఇప్పుడు శనివారము సాయంకాలములయందు దుకాణము మూసి వాడు మా ఆటస్థలమునకు వచ్చుచున్నాడు. మాటలతో ఏమియు నేర్పడు. పిల్లవాని భుజములు పట్టుకొని రెండడుగులు ప్రక్కకు జరిపి, "ఇక్కడ" అనును, అంతే. రిజిస్టరునందు నేనొక క్రొత్త గడి గీచితిని. అందేమి వ్రాయవలెనో ఇంకను తెలియలేదు. వాని నడిగి వ్రాయుదమని యున్నాను.